జపాన్‌లో అత్తవారి ఊళ్లో ఇరుగుపొరుగుతో కలిసిపోవడం ఎలా?

మా అత్తవారిది జపాన్‌లోని నగానో ప్రిఫెక్చర్‌లో ఒక చిన్న పట్టణం. పెళ్లయ్యాక మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు నన్ను ఎవరూ ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. అయిదో రోజు సాయంత్రం మా అత్తగారు ఒక అట్ట నా చేతికిచ్చి పక్కింట్లో ఇచ్చి రమ్మన్నారు. క్లిప్పుకు కాగితాలు బిగించిన మామూలు అట్ట అది. పైన వరసగా ఇళ్ల పేర్లు, కొన్ని పేర్ల పక్కన చిన్న ఎర్ర ముద్రలు ఉన్నాయి. కాలువ పూడిక తీసే ఆదివారం, చెత్త బండి రాని సెలవులు, పెద్దవాళ్ల ఆరోగ్య పరీక్షల తేదీ, ఇవీ అందులోని విషయాలు. నేను వెళ్లి గుమ్మంలో నిలబడి పిలిచాను. ఒక పెద్దావిడ వచ్చి, అట్టను రెండు చేతులా అందుకుని, నా పేరు అడిగారు. సరిగ్గా పలకడం వచ్చేదాకా మూడుసార్లు అనిపించుకున్నారు. మరునాడు పొద్దున ఆ వీధిలో నన్ను పేరు పెట్టి పలకరించిన మొదటి మనిషి ఆవిడే.

మీ భర్తో భార్యో జపాన్ వారై, వాళ్ల వాళ్లింట్లో రెండు మూడు వారాలు ఉండబోతున్నారనుకోండి. గుళ్లూ కోటలూ చూపించడానికి పుస్తకాలున్నాయి. ఆ ఇంటి చుట్టూ ఉన్న వీధి లోపలికి వెళ్లే దారి మాత్రం ఎవరూ చెప్పరు. భాష రాకపోతే అది కుదరదనుకుంటారు చాలామంది. నాకు అలా జరగలేదు. అక్కడ చిన్న పని ఒకటి చేతిలోకి వస్తే, దాని వెనకాలే పరిచయాలూ మాటలూ వచ్చాయి. అందుకే ఈ కింద చెప్పేవన్నీ దాదాపు పనులే.

తేదీలు ఆ వీధి క్యాలెండర్ చూసి పెట్టుకోండి

టికెట్లు కొనేముందు మీ ఆయన చేతో ఆవిడ చేతో ఇంటికి ఫోను చేయించి, ఆ నెలలో వీధి కార్యక్రమాలు ఏమున్నాయో అడిగించండి. చెర్రీ పూల కోసం ఏప్రిల్ మొదట్లో వెళ్లాలని ఉంటుంది. పూలు బాగుంటాయి, కాదనను. కానీ జపాన్‌లో బడులకూ ఆఫీసులకూ కొత్త సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. బదిలీలు, ఇళ్లు మారడాలు, పిల్లల ప్రవేశాలు అన్నీ అప్పుడే. మీతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు.

నేనైతే ఆగస్టు చెబుతాను. చాలా ప్రాంతాల్లో 13 నుంచి 16 దాకా ఒబోన్ జరుగుతుంది. పోయిన పెద్దలు ఆ నాలుగు రోజులూ ఇంటికి వచ్చి ఉంటారని నమ్మకం. ఊళ్లకు దూరంగా ఉన్న పిల్లలందరూ ఇళ్లకు చేరే రోజులవి. మీరు విడివిడిగా కలవాల్సిన బంధువులు ఒక్కచోటే దొరుకుతారు. కాకపోతే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు సీట్లకు రిజర్వేషన్ సరిగ్గా నెల ముందు ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. ఒబోన్ వారానికైతే ఆ రోజే తీసుకోవాలి. టోక్యో నుంచి నగానోకు హొకురికు షింకాన్‌సెన్‌లో సుమారు గంటన్నర ప్రయాణం.

వీసా గురించి రెండు మాటలు. స్వల్పకాల వీసా మీద 90 రోజులకు మించి ఉండనివ్వరు. బంధువుల ఇంటికని దరఖాస్తు చేస్తే అక్కడివారి ఆహ్వాన పత్రం, బంధుత్వాన్ని చూపే కాగితాలు కావాలి. మీ పెళ్లి జపాన్‌లో నమోదయి ఉంటే కొసెకి అనే కుటుంబ నమోదు పత్రంలో ఆ వివరం ఉంటుంది. దాన్ని ముందే తెప్పించుకోండి. ఆ వీసా మీద డబ్బు తీసుకుని పని చేయకూడదు. మామగారికి దుకాణం ఉంటే గల్లాపెట్టె దగ్గర జీతానికి కూర్చోవద్దు. వీధి కాలువ శుభ్రం చేయడానికి అడ్డేమీ లేదు.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి

చిన్న చిన్న కానుకలు, విడివిడిగా చుట్టినవి. వీటిని ఒమియాగే అంటారు. ఒక పెద్ద డబ్బా కంటే, ఒక్కొక్కటీ వేరే కాగితంలో ఉన్న పాతిక ముక్కల డబ్బా అక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది. అత్తగారు వాటిని లెక్కపెట్టుకుని ఎవరెవరికి ఎన్ని ఇవ్వాలో తేల్చుకుంటారు. నాలుగు, తొమ్మిది సంఖ్యల్లో మాత్రం ఇవ్వకండి. జపనీస్‌లో నాలుగు అనే మాట చావుకూ, తొమ్మిది అనే మాట బాధకూ దగ్గరగా పలుకుతాయి.

మాంసం కలిసినది ఏదీ తీసుకెళ్లకండి. సీలు వేసిన ప్యాకెట్టయినా విమానాశ్రయంలో ఆపేస్తారు. తాజా పండ్లు, మొక్కల మీద కూడా గట్టి ఆంక్షలున్నాయి. జలుబు మాత్రల విషయం ఇంకా ముఖ్యం. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటి ఉన్న మందులు జపాన్‌లో నిషిద్ధం. రోజూ వాడే మందులుంటే చీటీ దగ్గర ఉంచుకోండి.

రంధ్రాలు లేని మేజోళ్లు నాలుగైదు జతలు పెట్టుకోండి. ఎందుకో ఆ ఇంటి గుమ్మం దగ్గరే తెలుస్తుంది.

తిండి సంగతి బయల్దేరక ముందే తేల్చుకోండి

మీరు శాకాహారులైతే "మాంసం తినను" అని చెబితే చాలదు. అక్కడ ఆ మాటకు చేప తింటారనే అర్థం చేసుకుంటారు. పైగా మీసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూపు, కూరల ఉడుకు నీళ్లు, నూడిల్స్ పులుసు, వీటిలో చాలావాటికి మూలం దాషి అనే సారం. దాన్ని తరచుగా ఎండబెట్టిన బోనిటో చేప తురుముతో తీస్తారు. గిన్నెలో చేప కనిపించదు గానీ సారం చేపదే. అదే దాషిని కొంబు అనే సముద్రపు నాచుతోనో, ఎండు షీటాకే పుట్టగొడుగులతోనో కూడా తీయవచ్చు. ఈ మాట ఒక్కటి ముందే చేరవేస్తే అత్తగారికి దారి దొరుకుతుంది. భోజనం ముందు పెట్టాక చెబితే ఆవిడ రెండు రోజులు పడిన శ్రమ పోతుంది. ఆ నొచ్చుకోలు పైకి కనిపించదు, మనసులో ఉండిపోతుంది. మా ఇంట్లో అలా జరిగింది. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

గుమ్మంలో, ఇంట్లో

తలుపు తీయగానే ఒక మెట్టు కింద చిన్న జాగా ఉంటుంది. అది గెంకాన్. చెప్పులు అక్కడే విడిచి, పైమెట్టు ఎక్కి, వంగి, వాటి మొనలు బయటి వైపు ఉండేలా తిప్పి పెట్టండి. లోపల వేసుకునే స్లిప్పర్లను తాతామి చాపల గది ముందు వదిలేయాలి. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు ఉంటాయి. వాటితో హాల్లోకి రాకుండా చూసుకోండి.

కానుకల సంచిని గుమ్మంలోనే చేతిలో పెట్టేయకండి. లోపల కూర్చున్నాక, సంచిలోంచి తీసి, రాత వాళ్ల వైపు ఉండేలా తిప్పి, రెండు చేతులతో ఇవ్వాలి. వాళ్లు వెంటనే విప్పకపోవచ్చు. దాన్ని తీసుకెళ్లి ముందు బుత్సుదాన్ దగ్గర పెట్టే ఇళ్లు ఎక్కువ. బుత్సుదాన్ అంటే పెద్దల పేరు మీద ఇంట్లో ఉండే బౌద్ధ పూజాపీఠం. అది ఉన్న ఇల్లయితే, కూర్చుని టీ తాగకముందే "ఒక అగరువత్తి వెలిగించవచ్చా" అని అడిగించండి. కొవ్వొత్తి మంటతో అగరువత్తి వెలిగించి, దాని మంటను నోటితో ఊదకుండా చేత్తో విసిరి ఆర్పండి. చిన్న గంటను ఒకసారి మోగించి చేతులు జోడించండి. అగరువత్తిని నిలబెట్టాలా పడుకోబెట్టాలా అన్నది శాఖను బట్టి మారుతుంది కాబట్టి ముందు మీ వారు చేసింది చూసి చేయండి. ఆ ఇంట్లో ఇన్ని రోజుల్లో నేను చేసిన వాటిలో మా మామగారి కళ్లు చెమర్చింది దీనికే.

స్నానాల తొట్టిలో నీళ్లు అందరికీ ఒకటే. బయట కూర్చుని సబ్బుతో పూర్తిగా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. సబ్బు నురుగు లోపలికి పోకూడదు. బయటికి వచ్చాక నీళ్లు వదిలేయకండి, మూత పెట్టండి. అతిథికి తొలి స్నానం ఇస్తారు. ఒకటి రెండు రోజులు ఒప్పుకుని, తర్వాత మామగారిని ముందు వెళ్లమనండి. చాలా ఇళ్లల్లో ఆ వరస ఆయనదే.

అన్నం గిన్నెలో చాప్‌స్టిక్‌లు నిలువుగా గుచ్చడం, ఒకరి చాప్‌స్టిక్‌ల నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్‌లకు ముక్క అందించడం, రెండూ చావుకు సంబంధించిన కర్మలను గుర్తుచేస్తాయి. మిగతా పొరపాట్లు ఎవరూ పట్టించుకోరు.

నోటికి రావలసిన ఆరేడు మాటలు

వ్యాకరణం పెట్టుకుని కూర్చోవద్దు. ఇంటి నుంచి బయటికి వెళ్లేటప్పుడు "ఇత్తె కిమాస్", అంటే వెళ్లొస్తాను. ఇంట్లోవారు "ఇత్తె రష్షాయి" అంటారు. తిరిగి రాగానే "తదాయిమా" అనాలి. "ఒకాయెరి" అని లోపలి నుంచి జవాబు వస్తుంది. నేను మొదటిసారి తదాయిమా అన్న రోజు లోపల్నుంచి ముగ్గురి గొంతులు ఒక్కసారి పలికాయి. ఆ ఇల్లు నా ఇల్లని అప్పుడే అనిపించింది.

తినే ముందు "ఇతదాకిమాస్", తిన్నాక "గోచిసోసామా". పొరుగువారి గుమ్మంలో పిలవడానికి "గొమెన్ కుదసాయి". పని చేసి వచ్చిన వారికి, పని ముగించిన వారికి "ఒత్సుకారెసామా దెస్". మీ ఇంటివారికి మేలు చేసేవారిని కలిసినప్పుడు "ఒసెవా నీ నత్తె ఇమాస్", అంటే మా వాళ్లను మీరు కనిపెట్టుకుని ఉంటున్నారని కృతజ్ఞత చెప్పడం. ఈ చివరి మాట కొత్త కోడలి నోట వింటే ఆ వీధి పెద్దల ముఖం విప్పారుతుంది.

అత్తగారిని ఒకాసాన్ అనీ, మామగారిని ఒతోసాన్ అనీ పిలవవచ్చు. ఆ మాటలకు అర్థం అమ్మ, నాన్న. పొరుగువారిని ఇంటిపేరుకు సాన్ చేర్చి పిలవండి. మీ పేరు మీరు చెప్పుకునేటప్పుడు మాత్రం సాన్ చేర్చకూడదు. మిమ్మల్ని వాళ్లు మొదట్లో ఫలానా ఇంటి ఒయోమెసాన్ అంటారు, కోడలని. అల్లుడైతే ఒముకోసాన్.

ఇరుగుపొరుగుకు పరిచయం

రెండో రోజో మూడో రోజో అత్తగారితో కలిసి రెండు పక్కిళ్లకూ ఎదురింటికీ వెళ్లండి. ఒంటరిగా వద్దు. భోజనాల వేళ తప్పించి, ఉదయం 10 దాటాక అయితే మంచిది. చేతిలో చిన్న కానుక. గెంకాన్‌లోనే నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడి వచ్చేయాలి. "లోపలికి రండి" అంటారు. అది మర్యాద. రెండోసారీ మూడోసారీ గట్టిగా అంటే అత్తగారి ముఖం చూసి నిర్ణయించుకోండి.

అట్ట, చెత్త

ఇక అసలు విషయం. జపాన్‌లో చాలా వీధులకు చోనాయికాయి అనే సంఘం ఉంటుంది. ఇళ్లన్నీ కలిసి నడుపుకునేది. కొన్ని ఇళ్లను ఒక జట్టుగా చేసి, ఒక్కో ఏడాది ఒక్కో ఇంటికి బాధ్యత అప్పగిస్తారు. చిన్న చందా, కొన్ని పనులు. నగర పాలక సంస్థ నుంచి వచ్చే ప్రకటనలూ, సంఘం కబుర్లూ ఆ అట్ట మీద ఇల్లిల్లూ తిరుగుతాయి. అదే కైరాన్‌బాన్. చదివి, ముద్ర వేసి, పక్కింటికి చేర్చాలి. ఆలస్యం చేస్తే ఆ వరసలో చివరి ఇంటికి తేదీ దాటిపోయాక వార్త చేరుతుంది.

దాన్ని మోసే పని అడిగి తీసుకోండి. చదవలేకపోయినా మోయగలరు కదా. అట్టను గుమ్మం బయట ఆనించి రావడం చాలామంది చేసేదే. మీరు మాత్రం పిలిచి చేతికివ్వండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల గుమ్మంలో ఈ అట్ట వల్లే రోజు మొత్తానికి ఒక మనిషి ముఖం కనిపిస్తుంది. పక్కింటి పెద్దావిడ నాకు అంకెలు లెక్కపెట్టడం నేర్పింది ఈ రాకపోకల్లోనే. గెంకాన్ మెట్టు మీద టమాటాలు పరిచి, ఒక్కోటీ నా చేతిలో పెడుతూ నేర్పారు.

రెండో పని చెత్త. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మండే చెత్తకు ఫలానా రోజులు, ప్లాస్టిక్ పొరలకు ఇంకో రోజు, సీసాలకూ డబ్బాలకూ వేరే రోజు. చాలాచోట్ల ఊరు నిర్ణయించిన సంచినే వాడాలి. కొన్ని ఊళ్లలో సంచి మీద ఇంటి పేరు కూడా రాయాలి. ఉదయం చెప్పిన వేళలోపు వీధి చెత్త స్థలంలో పెట్టాలి. ముందు రాత్రి పెట్టకూడదు, కాకులు చీల్చేస్తాయి. సంచుల మీద వల కప్పుతారు. వల అంచు కిందికి మడిచి వెళ్లడం మరచిపోకండి.

నీళ్ల సీసా పారేయాలంటే మూత తీయాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ లేబుల్ ఊడదీయాలి, లోపల కడగాలి. మూతా లేబులూ ప్లాస్టిక్ సంచిలోకి, సీసా సీసాల్లోకి. అట్టతో చేసిన పాల డబ్బాను కడిగి, కత్తిరించి, బల్లపరుపుగా విప్పి, ఆరబెట్టి, కట్టగా కట్టాలి. మా అత్తగారు వంటగది కిటికీ కింద తాడు మీద వాటిని బట్టల్లా ఆరేస్తారు. తప్పుగా పెట్టిన సంచిని బండివారు ఎర్ర కాగితం అంటించి అక్కడే వదిలేసి వెళ్తారు. ఆ సంచి వీధి అందరి కళ్ల ముందూ రోజంతా ఉంటుంది. అది ఎవరింటిదో అందరికీ తెలుసు. కాబట్టి మొదటి వారం అత్తగారి పక్కన నిలబడి చూడండి, రెండో వారం మీరు వేరు చేసి ఆవిడకు చూపించండి, ఆ తర్వాత సంచి మీరే తీసుకెళ్లండి. పొద్దున్నే ఆ స్థలం దగ్గర అందరూ ఒక్క నిమిషం ఆగి పలకరించుకుంటారు. వీధిలోని ముఖాలన్నీ నాకు అక్కడే తెలిశాయి.

ఉదయం 6:30, సాయంత్రం 5

బడి సెలవుల్లో వెళ్తే, ఉదయం 6:30కి దగ్గరలోని పార్కుకో గుడి ఆవరణకో వెళ్లండి. జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో పియానో మోగుతుంది. దానికి తగ్గట్టు పిల్లలూ తాతలూ కలిసి చేతులూ కాళ్లూ ఆడిస్తారు. దీన్ని రాజియో తైసో అంటారు. 1928లో మొదలైంది. మొదటి వరసలో 13 కదలికలు, మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ. భాషతో పనే లేదు, ముందున్నవారిని చూసి చేస్తే చాలు. అయ్యాక పిల్లలు మెడలో వేలాడే కార్డులు పట్టుకుని ముద్ర కోసం వరస కడతారు. పెద్దలు కాసేపు నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఆ కాసేపటి కోసమే పొద్దున్నే లేవమంటున్నాను.

సాయంత్రం ఒక వేళకు, చాలా ఊళ్లలో 5 గంటలకు, స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లలో పిల్లల పాట స్వరం ఒకటి వినిపిస్తుంది. ఆడుకునే పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళ అది. భూకంపం, వరద, తుఫాను హెచ్చరికలు ఇచ్చే పరికరాలు పనిచేస్తున్నాయా అని రోజూ చూసుకునే పద్ధతి కూడా అదే. ఆ స్వరం విన్న మొదటి రోజే ఇంట్లోవారిని అడగండి: భూకంపం వస్తే మనం చేరాల్సిన చోటు ఏది? తరచుగా అది దగ్గరి బడి. ఒకసారి అక్కడిదాకా నడిచి రండి.

కాలువ ఆదివారం

ఏడాదిలో కొన్ని ఆదివారాలు ఇంటికొకరు చొప్పున వచ్చి గడ్డి కోస్తారు, కాలువ పూడిక తీస్తారు. అట్ట మీద ఆ తేదీ కనిపిస్తే మీరూ వస్తానని చెప్పండి. వద్దంటారు, ఎండ అంటారు, బట్టలు పాడవుతాయంటారు. మూడోసారి అడిగితే మామగారు తన రబ్బరు బూట్లు తెచ్చి ఇస్తారు.

పొడుగు చేతుల చొక్కా, టోపీ, మెడలో తువ్వాలు, గున్‌తే అనే తెల్ల నూలు చేతి తొడుగులు. 8 గంటలని రాసి ఉంటే 7:50కే అందరూ అక్కడ ఉంటారు. ముందుగా అందరికీ వంగి నమస్కారం. నేను వెళ్లిన రోజు కాలువ మీది సిమెంటు పలకలను ఇద్దరిద్దరు ఇనుప కొక్కేలతో ఎత్తుతున్నారు. కింద నల్లటి బురద, ఆకులు, పిల్లల బంతి ఒకటి. డెబ్బై దాటిన ఒకాయన నా చేతిలో పార పెట్టి, ఎలా తోయాలో ఒక్క మాట లేకుండా చేసి చూపించారు. నీళ్లు పారే దిక్కుకు ఎదురుగా నిలబడాలి, పారను కాలువ అడుగుకు ఆనించి లాగాలి, నీరు కారేదాకా ఒక్క క్షణం పట్టుకుని అప్పుడు సంచిలో వేయాలి. ఆ ఒక్క క్షణం ఆగకపోతే సంచి మోయలేనంత బరువవుతుంది. రెండోసారి నేను ఆగాను. ఆయన తల ఊపారు.

గంటన్నరలో అయిపోయింది. చివరకు చల్లటి టీ సీసాలు పంచారు. అందరూ గోడ నీడలో కూర్చున్నారు. అంతవరకు నన్ను దూరం నుంచి చూసి తల వంచి వెళ్లినవారు అప్పుడు పక్కన కూర్చుని అడిగారు, మీ ఊళ్లో కాలువలు ఎవరు శుభ్రం చేస్తారని. ఫోనులో అనువాదం పెట్టుకుని అరగంట మాట్లాడుకున్నాం. విందుకు పిలిచి కూర్చోబెట్టినప్పుడు ఇలాంటి మాటలు రావు.

కూరగాయలు వస్తాయి, ఏం చేయాలి

ఆ మరునాడు గుమ్మంలో దోసకాయల సంచి కనిపించవచ్చు, పేరు లేకుండా. తోటలో ఎక్కువైనవి పంచుకోవడాన్ని ఒసుసోవాకే అంటారు. ఎవరు పెట్టారో అత్తగారు సంచి చూసే చెబుతారు. వెంటనే ఖరీదైన బదులు ఇవ్వకండి. అది వాళ్లకు భారం. రెండు మూడు రోజులయ్యాక మీరు చేసిన వంటకం కాస్త, లేదా తెచ్చుకున్న కానుకల్లో రెండు ముక్కలు చాలు. గిన్నెలో వచ్చినదైతే గిన్నె కడిగి, ఏదో ఒకటి చిన్నది పెట్టి తిరిగివ్వడం బాగుంటుంది. దోసకాయలు ఎలా వండారో చెప్పండి. అదే వాళ్లు వినాలనుకునేది.

పొలాల పక్క దారిలో మనిషి లేని కూరగాయల బల్లలు కనిపిస్తాయి. సంచికి తరచుగా 100 యెన్. పక్కనే డబ్బాలో నాణెం వేసి తీసుకోవాలి. చిల్లర దొరకదు, 100 యెన్ నాణేలు జేబులో ఉంచుకోండి.

కోమిన్‌కాన్ అనే సామాజిక భవనం ఊళ్లో ఎక్కడుందో అడగండి. కాలిగ్రఫీ, పాటలు, వంట, కుట్టు, రకరకాల బృందాలు అక్కడ కలుస్తాయి. ఇలాంటి భవనాలు నగానోలో చాలా ఎక్కువ. మీ అత్తగారో మామగారో ఏదో ఒక దాంట్లో ఉంటారు. ఒక రోజు వెంట వెళ్లి, చూస్తూ కూర్చోకుండా కుర్చీలు వేయడంతో మొదలుపెట్టండి.

ఒబోన్ రోజుల్లో

ముందు సమాధులు శుభ్రం చేస్తారు. గరిటెతో రాయి మీద నీళ్లు పోసి, కలుపు పీకి, పూలు పెడతారు. బ్రష్ పట్టుకోండి. కొన్ని ఇళ్లలో కీరదోసకూ వంకాయకూ పుల్లలతో కాళ్లు పెట్టి నిలబెడతారు. కీరదోస గుర్రం, పెద్దలు త్వరగా రావడానికి. వంకాయ ఆవు, నెమ్మదిగా తిరిగి వెళ్లడానికి. 13 సాయంత్రం ఇంటి ముందు చిన్న మంట వేస్తారు, దారి తెలియడానికి. నగానో వైపు భోజ వృక్షం జాతి చెట్టు బెరడు కాలుస్తారు. ఆ మంట చుట్టూ నిలబడినప్పుడు ఫోను లోపలే ఉంచమని నా మనవి. అడిగి ఒక్క ఫొటో తీసుకోవచ్చు, అది కూడా మంట ఆరాక.

రాత్రి మైదానంలో ఎత్తయిన మంచె చుట్టూ బోన్ ఒదోరి నాట్యం. వలయంలోకి ఎవరైనా వెళ్లవచ్చు. తడబడని పెద్దావిడను ఒకరిని ఎంచుకుని ఆమె వెనక నిలబడండి. మూడో చుట్టుకు చేతులు వాటంతటవే వస్తాయి. యుకాతా అనే వేసవి నూలు కిమోనో వేసుకుంటే ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి కట్టేది మరణించినవారికి.

అలసటను దాచుకోకండి

పదో రోజుకు తలనొప్పి వస్తుంది. రోజంతా అర్థం కాని మాటలు వింటూ నవ్వుతూ ఉండటం కష్టమైన పని. మీ వారితో ముందే ఒక ఒప్పందం చేసుకోండి: రోజులో ఒక గంట మీది, ఒంటరి నడకకు. బంధువుల మధ్య ప్రతి మాటా అనువదించమని వారిని పీడించకండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు అర్థం కానివన్నీ ఒకేసారి అడగండి. వారు తన అమ్మానాన్నలతో చాలా కాలానికి కూర్చున్నారు, ఆ సమయం వారికి కావాలి.

బయల్దేరే ముందు

రెండు రోజుల ముందు మళ్లీ అవే గుమ్మాలకు వెళ్లి చెప్పి రండి. కన్వీనియెన్స్ స్టోర్లలో ఫొటోలు ముద్రించే యంత్రాలుంటాయి. కాలువ దగ్గరా, నాట్యంలో, సమాధుల దగ్గర తీసిన వాటిలో ఎవరి ఫొటో వారికి ముద్రించి ఇవ్వండి. పెద్దవాళ్లు కాగితం మీది ఫొటోను దాచుకుంటారు. పిల్లల ఫొటోలు అడగకుండా ఎక్కడా పెట్టవద్దు. ఇంటికి చేరాక వారంలోగా అత్తగారి పేరిట ఒక ఉత్తరం రాయండి. అందులో పక్కింటి పెద్దావిడ పేరూ, పార పట్టడం నేర్పిన ఆయన పేరూ ఉండాలి. ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని వాళ్లింటికి వెళ్లి చదివి వినిపిస్తారు.

మళ్లీ వెళ్లేటప్పుడు విమానం టికెట్ తీయకముందే ఇంటికి ఫోను చేసి, ఈ ఏడు కాలువ పని ఏ ఆదివారమో కనుక్కోండి.